గిల్డ్ వార్స్ 2లో నా క్యారెక్టర్‌ను రామప్ప మదనికలా తయారు చేయాలి, సలహా కావాలి

హనుమకొండ నుంచి ప్రశ్న:

అన్నలూ, అక్కలూ, జర సాయం చేయండి. ఈ సెలవుల్లోనే గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టాను, ఫ్రీ అకౌంట్. జాతి హ్యూమన్, అమ్మాయి, వృత్తి గార్డియన్. ఇప్పుడు లెవెల్ 42. ఆట బాగానే సాగుతోంది, టెన్షన్ అంతా వేషం గురించే. కొత్త ఆర్మర్ దొరకడం, అది వేసుకోగానే అప్పటిదాకా కుదిరిన లుక్ మొత్తం చెడిపోవడం. భుజాలు ఒక రంగు, కాళ్లు ఒక రంగు, ముఖం కనపడకుండా హెల్మెట్. ఆర్మర్ రూపం మార్చే ట్రాన్స్‌మ్యుటేషన్ చార్జ్‌లు కొన్ని ఉన్నాయి కానీ వాడాలంటే చేతులు రావడం లేదు.

నా కోరిక ఇది. రామప్ప గుడికి చిన్నప్పటి నుంచి వెళ్తున్నాను. గుడి బయట చూరు కింద స్తంభాల మీద నుంచి వాలినట్టు నిలబడి ఉండే నల్లరాతి మదనికలు ఉన్నారు కదా, అలాంటి మనిషి ఆటలో నా ముందు నడుస్తుంటే చూడాలని ఉంది. చీరలాంటిది ఏదైనా దొరుకుతుందా? నగలు వేయవచ్చా? ఆటలోని దుకాణం జెమ్ స్టోర్‌లో ఒంటి మొత్తానికీ పట్టే ఒక అవుట్‌ఫిట్ కొనేస్తే గొడవ ఉండదని మా తమ్ముడు అంటున్నాడు. కొనాలా? ముఖం మళ్లీ మార్చుకునే వీలుందా?

కాజీపేట నుంచి జవాబు:

చెల్లీ, ఇప్పుడే ఒక్క రూపాయి కూడా పెట్టకు. నువ్వు అనుకున్న దాంట్లో చాలా భాగం డబ్బు లేకుండా అవుతుంది.

ఈ ఆటలో బలం వేరు, కనిపించే రూపం వేరు. నువ్వు వేసుకున్న ఆర్మర్ బలం ఇస్తుంది. దాని రూపాన్ని స్కిన్ అంటారు. ఒక ఆర్మర్‌ను నువ్వు ఒకసారి వేసుకుంటే చాలు, దాని స్కిన్ నీ అకౌంట్ వార్డ్‌రోబ్‌లో శాశ్వతంగా చేరిపోతుంది. తర్వాత ఆ ఆర్మర్‌ను అమ్మేసినా, పారేసినా స్కిన్ ఎక్కడికీ పోదు. కాబట్టి లుక్ చెడిపోతుందని భయపడి పాత ఆర్మర్లతో బ్యాగ్ నింపుకోవద్దు. నచ్చని ఆర్మర్ దొరికినా ఒక్కసారి వేసి తీసెయ్, వార్డ్‌రోబ్ పెరుగుతుంది.

చార్జ్‌ల సంగతి. ఒక ముక్క మీద వేరే స్కిన్ వేయడానికి ఒక చార్జ్ ఖర్చవుతుంది. తల, భుజాలు, ఛాతీ, చేతులు, కాళ్లు, బూట్లు కలిపి ఆరు ముక్కలు, అంటే నిండు వేషానికి ఆరు చార్జ్‌లు. నువ్వు 42లో ఉన్నావు. రేపు ఇంకాస్త బలమైన ఆర్మర్ దొరికితే దానికి మళ్లీ చార్జ్ వేయాలి. లెవెల్ 80 వచ్చాక ఆర్మర్ మార్చడం బాగా తగ్గుతుంది, అసలు వేషం అప్పుడు కట్టుకోవాలి. అప్పటిదాకా చార్జ్‌లు దాచుకో. ఆటలోని ఊళ్ల మ్యాప్‌లు పూర్తి చేస్తే, పీవీపీ (ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోరాడే పోటీ) రివార్డ్ ట్రాక్‌లు ఆడితే ఇంకా వస్తాయి. హ్యూమన్‌ల ఊరు డివినిటీస్ రీచ్ మ్యాప్‌లో ఒక్క శత్రువు కూడా ఎదురుపడడు, తిరిగి రావడమే పని.

ఇప్పుడు చేయగలిగింది రంగులు. హెచ్ కీ నొక్కితే హీరో ప్యానెల్ వస్తుంది, అందులో డైల, అంటే రంగుల, చోటుంది. డై వేయడానికి చార్జ్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, రోజుకు వంద సార్లు మార్చినా అడిగేవాళ్లు లేరు. నీ దగ్గర ఉన్న డైలు అకౌంట్ మొత్తానికీ పనికొస్తాయి. కొత్త ఆర్మర్ వేసిన వెంటనే ఆరు ముక్కలకూ అవే రెండు మూడు రంగులు వేసుకో. స్కిన్‌లు వేర్వేరు సెట్లవైనా రంగు కలిస్తే కన్ను వాటిని ఒక్క వేషంగానే చూస్తుంది. నేను చూసినంతలో అందమైన క్యారెక్టర్లలో సగం మంది వేసుకున్నవి మామూలు స్కిన్‌లే, రంగు తెలిసి వేసుకున్నారు అంతే.

హెల్మెట్ బాధ కూడా సులువే. అదే ప్యానెల్‌లో తల, భుజాలు, చేతులు, వీపు ముక్కలను కనపడకుండా దాచే గుర్తు ఉంటుంది. దాచినా బలం తగ్గదు. నీకు ముఖం కనపడాలి, జుట్టు కనపడాలి కాబట్టి తల ముక్కను ముందు దాచెయ్. దాన్ని స్కిన్‌తో మార్చడానికి చార్జ్ ఎందుకు?

నగల విషయం చెప్తే నిరాశ పడతావేమో. ఈ ఆటలో ఉంగరాలు, చెవిపోగులు, మెడలో వేసేవి అన్నీ బలం కోసమే, ఒంటి మీద కనిపించవు. కనిపించే నగ ఏదైనా ఆర్మర్ బొమ్మలోనే చెక్కి ఉండాలి. కాబట్టి ఛాతీ ముక్కను ఎంచుకునేటప్పుడు మెడ దగ్గర, నడుము దగ్గర లోహపు పని ఉన్న స్కిన్ వెతుకు. ఒక్కో ముక్కలో నాలుగు దాకా రంగు గదులు ఉంటాయి, ఆ లోహానికి ఒక గది విడిగా ఉంటే దానికి మాత్రమే బంగారు రంగు వేయవచ్చు. అప్పుడు అదే నగ.

కరీంనగర్ నుంచి జవాబు:

పై అన్న చెప్పిన దాంట్లో ఒక్క చోట నా మాట వేరు. అవుట్‌ఫిట్ వద్దని కొట్టేయకండి. అవుట్‌ఫిట్ వేసుకుంటే కింద ఏ ఆర్మర్ ఉన్నా కనిపించదు, చార్జ్‌లు అసలు అక్కర్లేదు, దానికీ రంగులు వేయవచ్చు, అకౌంట్‌లో ఏ క్యారెక్టర్‌కైనా పనికొస్తుంది. లెవెల్స్ ఎక్కుతున్న రోజుల్లో ఇంతకన్నా ప్రశాంతత లేదు. వాళ్ల తమ్ముడు చెప్పింది తప్పు కాదు.

కాజీపేట నుంచి:

మామూలుగా అయితే మీ మాటే నిజం. కానీ ఈ చెల్లె అడిగింది వేరే. అవుట్‌ఫిట్ అంటే మెడ నుంచి పాదాల దాకా ఒకటే కట్టు. ఛాతీ ఒక దాని నుంచి, కింద భాగం ఇంకో దాని నుంచి తీసుకోవడం కుదరదు. స్టోర్‌లో అచ్చం మదనికలా ఉండే అవుట్‌ఫిట్ లేదు. మనసులో ఒక బొమ్మ ఉన్నవాళ్లు ముక్కలతోనే కట్టుకోవాలి, అందులోనే ఆనందం కూడా ఉంది. అవుట్‌ఫిట్ కొన్న వారానికే "నడుము దగ్గర ఇది లేకుంటే బాగుండేది" అనిపిస్తే ఏం చేస్తాం?

చీర గురించి: చీర ఈ ఆటలో లేదు. పైగా గార్డియన్‌కు హెవీ ఆర్మర్ స్కిన్‌లు మాత్రమే పడతాయి. వారియర్, గార్డియన్, రెవెనెంట్‌లకు హెవీ. రేంజర్, థీఫ్, ఇంజినీర్‌లకు మీడియం. ఎలిమెంటలిస్ట్, మెస్మర్, నెక్రోమాన్సర్‌లకు లైట్. ఒకరిది ఇంకొకరికి పడదు. జారే బట్ట, కుచ్చిళ్లు, బయటికి కనిపించే నడుము ఎక్కువగా లైట్‌లో ఉంటాయి. హెవీలో కూడా కింద బట్ట వేలాడే స్కిన్‌లు ఉన్నాయి, వెతకాలి. బ్యాంక్ తెరిస్తే వార్డ్‌రోబ్ ట్యాబ్‌లో నీకు ఇంకా దక్కని స్కిన్‌లు కూడా చూపిస్తుంది, ప్రివ్యూ కొట్టి నీ క్యారెక్టర్ మీదే చూసుకోవచ్చు. ఒక సాయంత్రం కూర్చుని నచ్చినవి రాసిపెట్టుకో. హ్యూమన్‌లకు మాత్రమే పడే కల్చరల్ ఆర్మర్ డివినిటీస్ రీచ్‌లో గోల్డ్‌కు, అంటే ఆటలో సంపాదించే డబ్బుకు, అమ్ముతారు. లెవెల్ 35కు ఒకటి, 60కి ఒకటి, 80కి ఒకటి, మూడు మెట్లు. మూడోది చాలా ఖరీదు. మొదటిది నీకు ఇప్పుడే పడుతుంది, కొనే ముందు ప్రివ్యూ చూడు.

ముఖం, జుట్టు మార్చుకోవచ్చు. జుట్టుకు సెల్ఫ్-స్టైల్ హెయిర్ కిట్, అది 250 జెమ్స్ (జెమ్ స్టోర్‌లో చెల్లే నాణేలు). ముఖం, ఒళ్లు, ఎత్తు అన్నీ మార్చే టోటల్ మేకోవర్ కిట్ 350. మారనివి రెండే, జాతి, వృత్తి. కిట్ కొనే ముందు ఒక పని చెయ్. ఫ్రీ అకౌంట్‌కు రెండు క్యారెక్టర్ల చోటు ఉంటుంది. రెండో చోట హ్యూమన్, గార్డియన్ అని ఎంచుకుంటూ రూపం దిద్దే పేజీ దాకా వెళ్లు, ముక్కు, దవడ, కళ్ల స్లైడర్లన్నీ నింపాదిగా జరిపి చూడు, నచ్చింది ఫొటో తీసుకుని బయటికి వచ్చెయ్. పేరు పెట్టి పూర్తి చేస్తేనే క్యారెక్టర్ పుడుతుంది. ఏం కావాలో ఖాయంగా తెలిశాకే డబ్బు మాట. లైట్ ఆర్మర్ బట్టలే కావాలనుకుంటే ఆ రెండో చోటులోనే ఒక మెస్మర్‌ను పుట్టించు, కిట్ అవసరమే ఉండదు.

ములుగు నుంచి జవాబు:

ఆట గురించి పెద్దలు చెప్పారు. నేను రామప్ప పక్కవాణ్ణి, రంగుల గురించి చెప్తాను. నాకు ఈ ప్రశ్న చూసి చాలా సంతోషమైంది.

మదనిక అనగానే అందరూ మొత్తం నలుపు వేసేస్తారు. అట్లా చేస్తే ఆటలో ఒక నల్లటి నీడ తప్ప ఏమీ కనపడదు, చెక్కడం అంతా మునిగిపోతుంది. గుడి దగ్గర నిలబడి ఒకసారి గుర్తు చేసుకోండి. గోడలు ఎర్ర ఇసుకరాయి, గులాబీ, ఇటుక రంగుల మధ్య ఉంటాయి. ఆ ఎరుపు వెనకాల ఉండబట్టే నున్నగా మెరిసే నల్లరాతి బొమ్మ అంత ఎత్తుగా కనిపిస్తుంది. కాబట్టి బట్టకు ఇసుకరాయి ఎరుపు వేయండి, బాగా ముదురు కాకుండా కాస్త వెలిసినట్టు ఉండేది. నలుపు లోహపు గదులకు, నడుము పట్టీకి, బూట్లకు ఇవ్వండి. బంగారు రంగు ఒక్క చోట చాలు, మెడ దగ్గర.

ఇంకో మాట. ఒకే డై లోహం మీద ఒకలా, తోలు మీద ఒకలా, బట్ట మీద ఒకలా వస్తుంది. మన వరంగల్ నేతగాళ్ల కొత్తవాడలో ఒకే తొట్టి రంగు నూలుకు ఒక తీరుగా, ఉన్నికి ఒక తీరుగా పట్టినట్టే. అందుకని మూడింటి మీదా ఒకే ఎరుపు వేసి ఊరుకోకండి, లోహం మీద ఒక మెట్టు ముదురు, బట్ట మీద ఒక మెట్టు లేత వేసి చూడండి. అబిస్ అనే నల్ల డై అంటే అందరికీ మోజు, అది ఖరీదు. మన పనికి అది అవసరం లేదు. మన రాయి చిమ్మచీకటి నలుపు కాదు, వెలుతురు పడితే కొంచెం బూడిద మెరుపు కనిపిస్తుంది. మొదటి నుంచి ఉండే ముదురు బూడిద రంగులే దానికి దగ్గరగా ఉంటాయి.

రంగు ఖాయం చేసే ముందు ఆటలోని క్వీన్స్‌డేల్ పొలాల్లోకి వెళ్లి పగలు చూడండి, చీకటి పడ్డాక చూడండి. ప్యానెల్‌లో కనిపించే వెలుతురు ఒకటి, బయట ఎండ ఒకటి.

మదనికల్లో ఎత్తు మడమల చెప్పుల్లాంటివి వేసుకున్న ఒక బొమ్మ ఉంది, గైడ్లు ప్రతి ఒక్కరికీ ఆపి చూపిస్తారు. బూట్లు ఎంచుకునేటప్పుడు ఆ పాదాలను గుర్తు పెట్టుకోండి. చాలామంది బూట్లను పట్టించుకోరు, కానీ క్యారెక్టర్‌ను వెనక నుంచే కదా రోజంతా చూసేది. మడమలు, నడుము, జడ, ఇవే మీ కళ్ల ముందు ఉంటాయి. నేనైతే జుట్టుకు ముడి కొప్పు ఎంచుకుంటాను, వదిలేసిన జుట్టు వీపు మీది పనిని కప్పేస్తుంది.

నిలబడే ఒంపు మాత్రం కుదరదు. భంగిమ ఆట ఇచ్చిందే, మనం మార్చలేం.

మంచిర్యాల నుంచి జవాబు:

డబ్బు పెట్టే రోజు వస్తే పనికొచ్చే మాట. గిల్డ్ వార్స్ 2 స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కూడా ఉంది, 2022 ఆగస్టు నుంచి. స్టీమ్ ద్వారా మొదలైన అకౌంట్‌కు జెమ్స్ స్టీమ్ వాలెట్ నుంచి కొనవచ్చు, మనకు రూపాయల్లో, యూపీఐతో అయిపోతుంది. ఆట సొంత వెబ్‌సైట్‌లో తెరిచిన అకౌంట్‌ను తర్వాత స్టీమ్‌కు కలపడం కుదరదు. చెల్లె అకౌంట్ ఎందులో తెరిచిందో ముందు చూసుకోవాలి.

టెలిగ్రామ్‌లో "సగం ధరకు జెమ్స్" అంటూ వచ్చేవాళ్లకు పైసా పంపవద్దు, లాగిన్ వివరాలు అసలే ఇవ్వవద్దు. ఆట బయట గోల్డ్ కొన్నవాళ్ల అకౌంట్లు మూసేస్తారు, అప్పుడు వార్డ్‌రోబ్ మొత్తం పోయినట్టే.

ఆటలోని ఎడారి ప్రాంతం ఎలోనా బట్టలు మన వైపు కట్టుకు మిగతా వాటికన్నా దగ్గరగా అనిపిస్తాయి. అవి ఎక్కువగా పాత్ ఆఫ్ ఫైర్ అనే 2017 ఎక్స్‌పాన్షన్‌లో (ఆటకు విడిగా కొనే అదనపు భాగం) ఉంటాయి. ఆట నచ్చి ఎక్స్‌పాన్షన్ కొనాలని ఉంటే, ఒక్క అవుట్‌ఫిట్‌కు పెట్టే డబ్బు దాని వైపు పెట్టడం మేలు. కొత్త ఊళ్లు, కొత్త స్కిన్‌లు రెండూ వస్తాయి.

హనుమకొండ నుంచి:

అందరికీ చాలా థాంక్స్. రాత్రే కూర్చుని తల ముక్క దాచేశాను, వెలిసిన ఎరుపు, ముదురు బూడిద వేశాను. అదే పాత ఆర్మర్, మనిషే మారిపోయింది! ఒక్క డౌట్. నా ఫ్రెండ్‌కు చూపిస్తే తన లాప్‌టాప్‌లో నా బట్టలు వేరేలా, ఏదో మామూలు ఆర్మర్‌లా కనిపిస్తున్నాయి. నా దగ్గర ఏమైనా సేవ్ కాలేదా?

కాజీపేట నుంచి:

నీ దగ్గర అంతా సరిగ్గానే ఉంది. మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ ఆప్షన్లు తెరిచి క్యారెక్టర్ మోడల్ క్వాలిటీ చూడమను. అది బాగా తక్కువలో ఉంటే, లాప్‌టాప్ మీద భారం పడకుండా ఆట ఇతరులకు మామూలు బొమ్మను తొడిగి చూపిస్తుంది. ఒకటి రెండు మెట్లు పెంచితే నీ వేషం కనిపిస్తుంది. లాప్‌టాప్ వేడెక్కుతుంటే నీడలు తగ్గించుకోమను, ఇది పెంచుకోమను. ఇంకా కనపడకపోతే జనం లేని చోట ఇద్దరూ కలిసి చూడండి, ఊరి మధ్యలో బ్యాంక్ దగ్గర గుంపు ఎక్కువ.