తుంటి విరుపు: ప్లేటు చాలా, రాడ్డే వేయాలా?

అమలాపురం డ్యూటీ డాక్టరు:
74 ఏళ్ల మామ్మగారు. నాచు పట్టిన నూతి చప్టా మీద జారిపడ్డారు. కాలు పొట్టిబడింది, పాదం పూర్తిగా బయటికి వాలిపోయింది. ఇంటర్‌ట్రొకాంటరిక్ విరుపు (తొడ ఎముక మెడ కింద, రెండు గుబ్బల మధ్య), లెస్సర్ ట్రొకాంటర్ (లోపలివైపు చిన్న గుబ్బ) ముక్క విడిపోయింది, లేటరల్ వాల్ (ఎముక బయటివైపు గోడ) మందం 18 మి.మీ. హిమోగ్లోబిన్ 9.2. పాత స్టెంట్, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతున్నారు. ప్లేటైతే ఖర్చు తగ్గుతుందని ఇంట్లోవాళ్లు అదే అడుగుతున్నారు. డీహెచ్ఎస్ (తలలోకి జారే స్క్రూ ఉన్న ప్లేటు) నిలబడుతుందా? మాత్ర ఆపి ఐదు రోజులు ఆగాలా?

గోదారి ఆర్థో:
ప్లేటు వద్దండి. గోడ 20.5 మి.మీ. కన్నా పలచనైతే రీమర్ (ఎముక తొలిచే పరికరం) వేసేటప్పుడే చిట్లే ప్రమాదం ఉంది. గోడ పోతే స్క్రూ జారడాన్ని ఆపేదేమీ ఉండదు, షాఫ్ట్ లోపలికి జరిగి కాలు ఇంకా పొట్టిబడుతుంది. పీఎఫ్ఎన్ (తొడ ఎముక లోపల దించే రాడ్డు) వేయండి. గట్టి గోడ ఉన్న రెండు ముక్కల విరుపైతే నేనూ ప్లేటే అనేవాణ్ణి, అక్కడ రాడ్డు దండగ. ఖర్చు సంగతంటారా, వైద్య సేవ కార్డు ఉందేమో ముందు అడగండి.

అసలు పని ట్రాక్షన్ టేబుల్ (కాలు లాగి పట్టే ఆపరేషన్ బల్ల) మీదే ఉంది. రాడ్డు విరుపుని సరిచెయ్యదు, మీరు ఎలా కుదిర్చితే అలా పట్టుకుంటుందంతే. సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ మధ్యలో చూసే ఎక్స్‌రే) గ్రేటర్ ట్రొకాంటర్ (బయటివైపు పెద్ద గుబ్బ) కొనా తొడ ఎముక తల మధ్యభాగమూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. కొన పైకుంటే వేరస్, అంటే తల కిందికి వాలి మెడ కోణం తగ్గినట్టు. లేటరల్‌లో (పక్క నుంచి తీసిన బొమ్మలో) విరుపు వెనక్కి కుంగితే కింద నుంచి ఎత్తి పట్టించాలి. రాడ్డు ఎంట్రీ ఆ గుబ్బ కొన మీదే, వీలైతే వెంట్రుకవాసి లోపలికి. బయటికి పోయిందో, రాడ్డు దిగేకొద్దీ వేరస్‌లోకి లాగేస్తుంది.

లాగ్ స్క్రూ (రాడ్డులోంచి తలలోకి వెళ్లే స్క్రూ) కొన నుంచి తల శిఖరం దాకా ఏపీలో (ఎదురుగా తీసిన బొమ్మలో), లేటరల్‌లో కొలిచి కూడితే 25 మి.మీ. లోపుండాలి. మెత్తటి ఎముకలో స్క్రూ పైకీ ముందుకీ పడితే తల చీల్చుకుని బయటికొస్తుంది.

ఓటీ టెక్నీషియన్:
తలలోకి రెండు స్క్రూలు వెళ్లే రాడ్డు సెట్టైతే పైదాన్ని కిందదానికన్నా పొట్టిగా తీసుకోండి సార్. బరువంతా పైదాని మీద పడితే అది తలలోకి దూరి, కిందది వెనక్కి వచ్చేస్తుంది.

మత్తు డాక్టరు:
క్లోపిడోగ్రెల్ కోసం ఆగొద్దు. 48 గంటల్లోపు చేయడమే మేలు, మంచం మీదున్న కొద్దీ న్యుమోనియా, పుండ్లు మొదలవుతాయి. ఆ మాత్ర మీదున్నారు కాబట్టి స్పైనల్ (వెన్నులో మత్తు) బదులు జనరల్ (పూర్తి మత్తు), నొప్పికి ఫేసియా ఇలియాకా బ్లాక్ (గజ్జ దగ్గర నరాలకి మత్తు ఇంజెక్షన్). ఈ విరుపు కీలు తిత్తి బయటిది కాబట్టి తొడలోకి రక్తం బాగా కారుతుంది, పైకి కనబడదు. రక్తం సిద్ధంగా ఉంచి, మర్నాడు హిమోగ్లోబిన్ మళ్లీ చూడండి.

ఫిజియో, రాజోలు:
మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టండి, ఓర్చుకున్నంత బరువు వేయొచ్చు. రక్తం గడ్డలు కట్టకుండా ఇంజెక్షన్ నాలుగైదు వారాలు. లంకల నుంచి పంటు మీద దాటించే కేసులకి మాత్రం కాళ్ల మధ్య దిండు పెట్టి, రెండూ కలిపి కండువాతో కట్టమని ఫోన్లోనే చెప్పేయండి. మామ్మగారికి తర్వాత విటమిన్-డి సరిచేసి, రెండు వారాలు దాటాక ఎముక బలానికి జొలెడ్రోనిక్ 5 మి.గ్రా. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీల పనితీరు కొలత) 35 కన్నా తక్కువుంటే అది వేయకూడదు.