తుప్పు పట్టిన పాత పికప్ కొనమంటారా?

విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డు వెనక 1972 మోడల్ మహీంద్రా పికప్ కనబడిందండీ, అప్పట్నుంచీ నిద్ర పట్టట్లేదు. అమ్మేతను లక్షా పది వేలు చెబుతున్నాడు. ఇంజన్ స్టార్ట్ అవుతోంది, పొగ మాత్రం బాగా వస్తోంది. వెనక తొట్టి జల్లెడలా ఉంది, దానికి కొత్త రేకు వేయించుకోవచ్చు, నా భయమంతా ఛాసిస్ (బండి మొత్తాన్నీ మోసే అడుగు ఫ్రేము) గురించే, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఒకచోట పొరలు పొరలుగా ఊడొచ్చింది. అక్కడ వెల్డింగ్ నిలుస్తుందా? పైగా ఆర్‌సీ ఇంకా అమ్మేతని నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన చనిపోయారు. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు కదా, కమర్షియల్ బండ్లకి లేదంటున్నారు, మరి గూడ్స్ కింద రిజిస్టరైన దీని సంగతేంటి? ఇలాంటిది బాగుచేయించినవాళ్లు ఎంతయిందో చెప్పండి. ఆదివారంలోగా అడ్వాన్స్ ఇవ్వాలి, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.