అప్‌డేట్: సీజేడీలో జ్వరం ఎందుకు లేదని అడిగా కదా

కావలిలో మా పెదనాన్నకి సీజేడీ (క్రాయిట్జ్‌ఫెల్ట్-జాకబ్ జబ్బు, మెదడు పాడైపోయే అరుదైన రోగం) అన్నారు, జ్వరం లేదు, వెన్ను నీళ్ళ టెస్టులో తెల్లకణాలూ పెరగలేదు, మరి మెదడెట్టా పాడవుతోందని అడిగా కదా. నెల్లూరులో న్యూరాలజీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారండీ. ప్రియాన్ అనే ప్రోటీన్ మడత తప్పడం వల్లే ఈ జబ్బంట, ఆ ప్రోటీన్ మన ఒంట్లోదే, న్యూరాన్ల (మెదడు నరాల కణాల) మీదా కొన్ని ఇమ్యూన్ కణాల మీదా మామూలుగానే ఉంటది, మడత తప్పినా అమైనో ఆమ్లాల వరస అదే కాబట్టి బాడీ పరాయిదని పట్టుకోదు, యాంటీబాడీలు రావు. అట్టాగని మెదడు ఊరుకోదు, అక్కడ కాపలా కాసే మైక్రోగ్లియా రెచ్చిపోయి చెత్త ఎత్తేస్తాయి, కానీ ఆ వాపు ఆగకపోతే న్యూరాన్లకీ దెబ్బే. ఇంకోటి వింటే భలే ఆశ్చర్యమేసింది, ఈ ప్రోటీనే లేని ఎలుకలకి 1993లో మడత తప్పిన ప్రియాన్ ఎక్కించినా జబ్బు రాలేదు, అదే అట్టాంటి ఎలుకలకి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఇమ్యూన్ కణాలు మన మెదడు, వెన్నుపాము మీదే దాడి చేసే జబ్బు) లాంటి వాపు తెప్పిస్తే మాత్రం ఇంకా ముదిరింది, అంటే మంచి ప్రోటీన్ వాపుని కొంత అదుపులో పెడతన్నట్టే. పెదనాన్నకి నయం చేసే మందు లేదన్నారు, ముట్టుకుంటే మాత్రం అంటదు, దయచేసి చూడ్డానికొచ్చేవాళ్ళు దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకోండి.