శరీర బరువును బట్టి నెలసరి ఆగిపోయే వయసు మారుతుందా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

నాకు 41 ఏళ్లు. మా అమ్మ మొదటి నుంచీ బక్కపలచని మనిషి. ఆమెకు 43వ ఏటనే ముట్లుడిగాయి. మంచి ఒళ్లున్న మా మేనత్తకు మాత్రం 53 దాటినా అడపాదడపా నెలసరి కనిపిస్తూనే ఉంది. నాది అమ్మ పోలిక. పెళ్లినాటికి 40 కిలోలు కూడా లేను, ఆ తరువాత పథ్యాలు చేసి మరికొంత తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడైనా కాస్త బరువు పెరిగితే నాకు ముట్లు ఆగడం ఆలస్యమవుతుందా?

జవాబు (స్త్రీవైద్యురాలు, గుంటూరు)

సంబంధం ఉన్న మాట నిజమేనండీ, అయితే అది మీరు అనుకుంటున్నంత పెద్దది కాదు. అమెరికాలో సుమారు 79 వేల మంది నర్సులను 1989 నుంచి ఏళ్ల తరబడి గమనించి 2017లో ప్రకటించిన ఫలితాల్లో, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే కొలత) 18.5 కంటే తక్కువ ఉన్నవారికి 45 ఏళ్లలోపే సహజంగా ముట్లు ఆగిపోయే అవకాశం దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపించింది. పద్దెనిమిదో ఏట 17.5 కంటే తక్కువ ఉన్నవారికి అది 50 శాతం ఎక్కువ. బక్కగా ఉంటూనే పదేపదే తొమ్మిదేసి కిలోలు తగ్గినవారిలో రెట్టింపుకు మించింది. ఇంత చెప్పినా, ఆ 79 వేల మందిలో 45 లోపు సహజంగా ముట్లుడిగినవారు మూడు వేల మందికి లోపేనని గుర్తుంచుకుంటే ఈ శాతాలు భయపెట్టవు.

ఇక్కడ లెక్కకు వచ్చేది వయసులో ఉన్నప్పటి బక్కతనమే గానీ, నలభై దాటాక చేసే ఒళ్లు కాదు. ఆడపిల్ల పుట్టేనాటికే అండాశయాల్లో పది, ఇరవై లక్షల అండాలు ఉంటాయి. తరువాత తరుగుదలే తప్ప చేరిక ఉండదు. కొవ్వు కణజాలం కొంత ఈస్ట్రోజన్‌ను తయారుచేయగలదు గానీ ఒక్క అండాన్నీ తిరిగి తేలేదు.

జవాబు (ప్రజారోగ్య పరిశోధకుడు, హైదరాబాద్)

ఒక సంగతి చేర్చాలి. పాశ్చాత్య దేశాల్లో సగటున 51వ ఏట ముట్లు ఆగితే మన దేశంలో 46, 47 ఏళ్లకే ఆగుతాయి కాబట్టి, మీ అమ్మగారి 43 కొంచెం ముందే అయినా మరీ వింత కాదు. పైగా మన రాష్ట్రాల్లో ఇటువంటి పోలికలు చూసేటప్పుడు ముందుగా గర్భసంచి తీసేసే ఆపరేషన్ల మాట అడగాలి, దాంతో నెలసరి ఎలాగూ ఆగిపోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో ఆ ఆపరేషన్ అయినవారు దేశవ్యాప్తంగా సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉన్నారు. ఇంత తేడాను బరువు ఖాతాలో వేయలేము. పొగ తాగేవారికి ఒకటి, రెండేళ్లు ముందుగా ముట్లుడుగుతాయన్నది కూడా బాగా స్థిరపడిన విషయం. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డచుట్ట తాగే పెద్దమ్మల సంగతి చూసేటప్పుడు ఇది మరువకూడదు.

ప్రశ్న అడిగినవారు

అమ్మకు ఆపరేషన్ ఏదీ జరగలేదండీ, పొగ అలవాటు కూడా లేదు. అలాగైతే మా అత్తకు ఆలస్యం కావడం ఆమె అదృష్టమనుకోవచ్చా?

జవాబు (స్త్రీవైద్యురాలు, గుంటూరు)

అదృష్టమని అప్పుడే అనలేము. ఆలస్యంగా ఆగితే ఎముకలకు మేలే, కానీ రొమ్ము క్యాన్సర్, గర్భసంచి పొర క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. లావుగా ఉండటం ఆ రెండో ముప్పును ఇంకా పెంచుతుంది. పైగా ఆ వయసులో అడపాదడపా కనిపించేది ప్రతిసారీ నెలసరే కానక్కరలేదు, పొర మందం కావడం వల్ల కూడా రక్తస్రావం కావచ్చు. అందుకే వారిని ముందుగా స్కానింగ్‌కు తీసుకువెళ్లండి. వరుసగా పన్నెండు నెలలు ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా పరీక్ష తప్పదు.

మీ విషయంలో పథ్యాలు మానండి, బీఎంఐ 18.5కు తక్కువగా ఉంటే మంచి తిండితో అక్కడిదాకా రండి, అంతకు మించి ముట్ల కోసం ఒళ్లు పెంచుకోవద్దు. 45 లోపే నెలసరి ఆగిపోతే మాత్రం ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకుని, హార్మోన్ల చికిత్స అవసరమా అన్నది మీ డాక్టరుగారితో మాట్లాడండి.