డిస్నీల్యాండ్ పైరేట్స్ ఐలాండ్: పిల్లలు, పెద్దవాళ్లతో ఎప్పుడు వెళ్తే మంచిది?

బేఏరియా_నాన్న అడిగారు:

వచ్చే నెల అనాహైమ్ డిస్నీల్యాండ్‌కి ఒక్కరోజు టికెట్లు తీసుకున్నాం. బాబుకి 9 ఏళ్లు, పాపకి 4. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు, మామగారు కూడా వస్తారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. బాబు మాత్రం నది మధ్య ద్వీపంలో ఉన్న పైరేట్స్ లెయిర్ (సముద్రపు దొంగల స్థావరం) చూడాల్సిందేనని పట్టుబట్టాడు. అది ఉన్న టామ్ సాయర్ ఐలాండ్ మూసేశారని ఎక్కడో చదివాను, నిజమేనా? తెరిచే ఉంటే ఏ టైముకి వెళ్లాలి, ఎంతసేపు పడుతుంది, గుహల్లో పాప భయపడుతుందా? అత్తగారిని తీసుకెళ్లొచ్చా? మేం శాకాహారులం, తిండి సంగతి కూడా చెప్పండి.

ఆరెంజ్‌కౌంటీ_తెలుగు:

మూసేసింది ఫ్లోరిడాలోదండీ. అక్కడ మ్యాజిక్ కింగ్‌డమ్ అనే డిస్నీ పార్కులో ఉన్న టామ్ సాయర్ ఐలాండ్‌కి 2025 జులై 6 ఆఖరి రోజు. మీరు వెళ్లేది కాలిఫోర్నియాలోది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది 1956 జూన్‌లో మొదలైంది. 2007 మే 25న దీన్ని పైరేట్ల స్థావరంగా మార్చి ‘పైరేట్స్ లెయిర్ ఆన్ టామ్ సాయర్ ఐలాండ్’ అని పేరు పెట్టారు. మరమ్మతులకి అప్పుడప్పుడు ఆపుతుంటారు కాబట్టి ముందురోజు రాత్రి డిస్నీల్యాండ్ యాప్‌లో ఒకసారి చూసుకోండి.

ఇది రైడ్ కాదని బాబుకి ముందే చెప్పండి. సీటు, బెల్టు, ట్రాక్ ఏమీ ఉండవు. పార్కులో న్యూ ఆర్లీన్స్ స్క్వేర్ అనే భాగం ముందు నది ఒడ్డున తెప్ప ఎక్కితే రెండు మూడు నిమిషాల్లో అవతల దింపుతుంది. అక్కడినుంచి మీ ఇష్టం, ఎంతసేపైనా తిరగొచ్చు. ఎత్తు నిబంధన లేదు. లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి వెళ్లే చిన్న క్యూ) కూడా లేదు, దాని అవసరమూ రాదు.

తెప్ప మీద అందరూ నిలబడే వెళ్లాలి. అదే నదిలో తిరిగే మార్క్ ట్వెయిన్ స్టీమరు నీళ్లడుగున ఉన్న పట్టా వెంబడి పోతుంది. తెప్పకి అలాంటి పట్టా లేదు, నడిపే మనిషి చేత్తో తిప్పుకుంటూ తీసుకెళ్తాడు. అందుకే ఒడ్డుకి చేరేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. పాపని చంకనెత్తుకోకుండా మీ ముందు నిలబెట్టి రెండు చేతులతో పట్టుకోండి. స్ట్రోలర్ ఇవతలే పార్క్ చేసెయ్యండి. గుహల్లోకి, వంతెనల మీదకి అది ఎలాగూ రాదు.

బాబుకి బాగా నచ్చేది స్మగ్లర్స్ కోవ్. అక్కడ పంపు చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే నీళ్లలో మునిగిన నిధి పైకి లేస్తుంది. చక్రం కాస్త బిగువుగా ఉంటుంది, పాప ఒక్కతే తిప్పలేదు, అన్నని కూడా చెయ్యి వెయ్యమనండి. అదే చోట పీపాలు కట్టి నీళ్ల మీద పరిచిన వంతెన ఒకటి, తాళ్లతో వేలాడే వంతెన ఒకటి ఉన్నాయి. పీపాల వంతెన మీద ఎవరైనా గెంతితే మొత్తం ఊగుతుంది. పాపతో వెళ్తుంటే పెద్దపిల్లల గుంపు దాటేదాకా ఆగి ఎక్కండి. ఈ నీళ్లలో నడిచే ఎఫెక్టులన్నీ ప్రతిరోజూ పనిచెయ్యవు. ఒకటి ఆగిపోయి ఉంటే నిరాశపడకుండా పక్కదానికి వెళ్లిపోండి.

గుహలదారి:

పైన చెప్పినవన్నీ సరైనవే. గుహల గురించి నేను చెప్తాను, ఇబ్బంది వచ్చేది అక్కడే.

పెద్దది డెడ్ మ్యాన్స్ గ్రాటో. లోపల చీకటి, దారి ఇరుకు, కొన్నిచోట్ల పెద్దవాళ్లు తల వంచుకుని నడవాలి. గొంతులు వినిపిస్తాయి, అస్థిపంజరాలు ఉంటాయి. ఏదీ మీదకి దూకదు గానీ 4 ఏళ్ల పిల్లకి చీకటే సగం భయం. పాపని ముందుగా పంపొద్దు. మీరు ముందు, పాప మధ్యలో, ఇంకో పెద్దవాళ్లు వెనక. లోపలికి వెళ్లాక భయపడితే వెనక్కి తిరగడం కష్టం, వెనకనుంచి పిల్లలు తోసుకొస్తుంటారు. ఫోన్ టార్చ్ నేలమీదకి మాత్రమే వెయ్యండి, ఎదుటివాళ్ల కళ్లలో పడితే వాళ్లకి మెట్టు కనబడదు.

చాలామంది అమ్మానాన్నలు ‘నువ్వు వెళ్లు, ఇక్కడే ఉంటాం’ అని గుహ మొదట్లో నిలబడతారు. పిల్లాడు ఇంకోచోట బయటపడి వెతుక్కుంటాడు. బాబు ఒక్కడే వెళ్లాలంటే కలుసుకునే చోటు తెప్పల రేవు అని చెప్పి పంపండి. ద్వీపం మీదనుంచి బయటికి దారి అదొక్కటే కాబట్టి పిల్లాడు మిమ్మల్ని దాటిపోయే అవకాశం లేదు.

చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్న బూట్లు వెయ్యండి. రాళ్ల దగ్గర తడిగా ఉంటుంది.

బేఏరియా_నాన్న:

చాలా థ్యాంక్సండీ. సాయంత్రం చల్లబడ్డాక, నాలుగూ అయిదుకి వెళ్దామనుకుంటున్నాం. ఫర్వాలేదా? అత్తగారి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఆరెంజ్‌కౌంటీ_తెలుగు:

సాయంత్రానికి అస్సలు పెట్టుకోకండి. చీకటి పడకముందే ద్వీపం మూసేస్తారు. రాత్రి జరిగే ఫాంటాస్మిక్ షోకి ఈ ద్వీపమే స్టేజీ. మనుషులు తిరిగే చోట బాణాసంచా, మంటలు ఏర్పాటు చెయ్యలేరు కాబట్టి ముందే అందరినీ ఖాళీ చేయిస్తారు. 2023 ఏప్రిల్ 22న షోలో డ్రాగన్‌కి నిప్పంటుకున్నది ఈ స్టేజీ మీదే, మళ్లీ షో 2024 మేలో గానీ మొదలవలేదు. ఆ రోజు మూసే టైము యాప్‌లో ఉంటుంది. దానికి కనీసం గంటన్నర ముందు అవతల ఉండేలా చూసుకోండి. ఆఖరి అరగంటలో అందరూ ఒకేసారి రేవుకి వస్తారు, తిరుగు తెప్పకి పెద్ద క్యూ అవుతుంది.

పొద్దున గేట్లు తియ్యగానే కూడా తెప్పలు నడవవు. పెద్ద క్యూలున్న రైడ్లు ముందు రెండు మూడు చూసుకుని, తెప్పలు మొదలయ్యాక వచ్చెయ్యండి. మీ పిల్లల వయసుకి గంట నుంచి గంటంపావు చాలు.

పెద్దవాళ్లతో_ప్రయాణం:

మోకాళ్ల నొప్పులున్న ఆవిడని ద్వీపం మీదకి తీసుకెళ్లొద్దనే నా సలహా. తెప్పలో నిలబడాలి, దారంతా ఎత్తుపల్లాలు, మెట్లు. చీరకుచ్చిళ్లతో పీపాల వంతెన ఇంకా కష్టం.

ఇంతకంటే మంచి దారి ఉంది. మీరు పిల్లలతో తెప్ప ఎక్కండి, అత్తగారు మామగారు మార్క్ ట్వెయిన్ ఎక్కుతారు. అది ద్వీపం చుట్టూ పావుగంటలోపు ఒక రౌండు వేస్తుంది. కింది అంతస్తులో ముందువైపు కొన్ని కుర్చీలుంటాయి, అవి దొరకాలంటే గేటు తియ్యకముందే వరసలో ముందుండాలి. రద్దీ రోజుల్లో మూడు తెరచాపల స్తంభాలున్న కొలంబియా ఓడ కూడా తిప్పుతారు. మామగారు దిగగలిగితే దాని అడుగు అంతస్తు చూడమనండి. నావికుల పడకలు, వంటగది అన్నీ పాతకాలపు ఓడలో ఉన్నట్టే అమర్చారు.

తిండికి వస్తే, బయటి భోజనం పార్కులోకి తెచ్చుకోవచ్చు. గాజు సీసాలు, పెద్ద కూలర్లు మాత్రం వద్దు. పులిహోర, చపాతీలు ప్లాస్టిక్ డబ్బాల్లో నిక్షేపంగా వస్తాయి. ద్వీపం మీద ఏమీ కొనుక్కోలేరు కాబట్టి నీళ్ల సీసాలు ఇవతలే నింపుకోండి. వేడిగా కావాలంటే న్యూ ఆర్లీన్స్ స్క్వేర్‌లో టియానాస్ ప్యాలెస్ ఉంది. అక్కడ సెవెన్ గ్రీన్స్ గంబో అనే ఆకుకూరల పులుసులాంటిది మాంసం లేకుండా ఇస్తారు, అందులో బెండకాయ కూడా పడుతుంది. ఆర్డరిచ్చేటప్పుడు చికెన్, సాసేజ్ వెయ్యొద్దని గట్టిగా చెప్పండి, ఎందుకంటే హౌస్ గంబో అనే ఇంకో రకంలో ఆ రెండూ ఉంటాయి.

గుహలదారి:

ఇంకొక్కటి. పక్కనే ఉన్న పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్ రైడ్ (1967 నుంచి ఉంది) బాబు ఎలాగూ అడుగుతాడు. అందులో పడవ చీకట్లో రెండుసార్లు కిందికి జారుతుంది, ముందు వరసలో కూర్చుంటే తడుస్తారు. పాపకి ద్వీపం మీది గుహ ముందు చూపించండి. అది తట్టుకుంటే రైడ్ ఎక్కించండి, వెక్కివెక్కి ఏడిస్తే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పాప దగ్గర ఉండి, మొదటివాళ్లు దిగాక మళ్లీ మొత్తం క్యూ కట్టకుండా ఎక్కొచ్చు. ఆ సౌకర్యం ఆరోజు ఆ రైడ్‌కి ఇస్తున్నారా అని ముందు గేటు దగ్గర అడిగి, ఆ తర్వాతే వరసలోకి వెళ్లండి.