జాంబీల టీవీ సిరీస్ వాకింగ్ డెడ్‌లో ఏ చావు మిమ్మల్ని నిజంగా కుదిపేసింది? ఏది మోసం అనిపించింది?

నిశి_చూపు:
ముందే చెప్తున్నా, పదకొండు సీజన్ల స్పాయిలర్లూ ఉంటాయి, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. 177 ఎపిసోడ్లూ రెండోసారి మొదట్నుంచీ చూడడం మొన్ననే అయిపోయింది. మొదటిసారి నోరెళ్ళబెట్టి చూసిన కొన్ని చావులు ఈసారి ఏమీ అనిపించలేదు, కొన్ని మాత్రం ఎవరు పోతారో తెలిసి కూడా గుండె పట్టేసినట్టయింది. షాకే అంతా అయితే తెలిసిపోయాక అది ఉండకూడదు కదా, మరి ఎందుకు ఉందీ అని రెండ్రోజుల్నుంచి అదే ఆలోచన. నా వరకూ అన్నిటికంటే పైన సోఫియా. రెండో సీజన్ ఏడో ఎపిసోడ్, 2011 నవంబర్. మీవి చెప్పండి.

లత_కె:
సోఫియానే అండి, ఇంకో మాట లేదు. సీజన్ మొదలైన దగ్గర్నుంచీ ఆ పిల్ల కోసం అడవంతా గాలిస్తూనే ఉంటారు, గుంపులోని డారిల్ ఒంటరిగా వెళ్ళి దెబ్బలు తిని వస్తాడు, వాళ్ళమ్మ కెరోల్‌కి తెల్లపువ్వు తెచ్చిస్తాడు. మనకేమో ఇంకెన్నాళ్ళు వెతుకుతార్రా బాబూ అని విసుగు కూడా వస్తుంది, నాకైతే వచ్చింది, నిజం చెప్తున్నా. చివరికి ఆ గుంపులోనే ఉన్న షేన్ పశువుల కొట్టం తాళం పగలగొడతాడు, లోపలున్న వాకర్లు (లేచి తిరిగే శవాలు, అంటే జాంబీలు) ఒక్కొక్కటే బయటికి వస్తుంటే వరసగా నిలబడి కాల్చేస్తారు, అంతా అయిపోయింది అనుకుంటాం, అప్పుడు లోపల్నుంచి సన్నగా చిన్న అలికిడి. ఆ పిల్ల వాకర్‌గా మారి అలా వెలుగులోకి నడిచొస్తుంటే అప్పటిదాకా తుపాకులు పేల్చినవాళ్ళు ఒక్కరూ కదల్లేరు. వెతకడం ఆపేయండని అరిచిన షేన్ కూడా కదల్లేడు. వాళ్ళ నాయకుడు రిక్ ఒక్కడే ముందుకొచ్చి కాలుస్తాడు. విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది ఆ క్షణంలో.

సీజన్_ఆరు:
లత గారూ మీరన్నదాంట్లోనే సమాధానం ఉంది అనుకుంటా. అక్కడ మన దగ్గర ఏదీ దాచలేదు. కొట్టంలో వాకర్లు ఉన్నాయని గుంపులోని గ్లెన్ ముందే చూశాడు, మనమూ చూశాం. పాప తప్పిపోయిన అడవీ ఆ కొట్టమూ ఒకే చుట్టుపక్కల ఉన్నాయి. రెండూ కళ్ళముందే ఉన్నా కలిపి చూసుకోలేదు, అంతే. ఆ షాక్ మన మీద మనకే తగుల్తుంది.
దానికి పూర్తి రివర్స్ ఆరో సీజన్ చెత్త డబ్బా సీన్ బ్రో. నేను వారం వారం చూసినవాణ్ణి, 2015 అక్టోబర్ 25న గ్లెన్, అతనితో ఉన్న నికొలస్ ఇద్దరూ ఆ డబ్బా మీంచి వాకర్ల గుంపులో పడ్డారు, కెమెరా గ్లెన్ మొహం మీద, కిందేమో పేగులు లాగేస్తున్నాయి, ఎవడు చూసినా గ్లెన్ అయిపోయాడు అనే అనుకుంటాడు. పై వారం ఏమన్నా తేలుస్తారేమో అనుకుంటే ఎపిసోడ్ మొత్తం మోర్గన్ అనే ఇంకో పాత్ర గతం. గ్లెన్‌గా చేసిన స్టీవెన్ యూన్ పేరు టైటిల్స్‌లోంచి కూడా తీసేశారు, అది చూసి నేను నిజంగానే నమ్మేశాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నాలుగు వారాలకి తీరా చూస్తే ఆ పేగులు నికొలస్‌వి, గ్లెన్ డబ్బా కింద దూరి బతికిపోయాడు. బతికినందుకు సంతోషపడాలి కదా, నాకు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. నా ఏడుపుని వాడుకున్నట్టు అనిపించింది.

పాతకామిక్స్:
కొంచెం అడ్డొస్తున్నా. నేను సీజన్ మొత్తం ఒకేసారి చూశాను కాబట్టి ఆ నాలుగు వారాల బాధ నాకు లేదు, ఒక్క రాత్రిలో తేలిపోయింది, పెద్ద తప్పుగా అనిపించలేదు. ఆలోచిస్తే ఆ సీన్ తప్పు కంటే ఎదురుచూపు తప్పు ఎక్కువేమో.
ఇంకోటి, ఈ సిరీస్‌కి మూలమైన కామిక్ నేను ముందే చదివాను. 2012లో వచ్చిన వందో సంచికలో నిగన్ అనే విలన్ చంపేది గ్లెన్‌నే. కాబట్టి సిరీస్‌లో నిగన్ పేరు వినపడగానే గ్లెన్ కోసం భయపడుతూనే ఉన్నా. వాళ్ళకి కూడా మాలాంటివాళ్ళు ఉన్నారని తెలుసు, అందుకే ముందు గుంపులో ఇంకొకడైన ఏబ్రహంని చంపించి హమ్మయ్య గ్లెన్ తప్పించుకున్నాడు అనిపించారు, అంతలో డారిల్ ఆవేశంగా లేచి నిగన్‌ని కొట్టాడు, దానికి శిక్షగా గ్లెన్. తెలిసినవాళ్ళని కూడా ఉలిక్కిపడేలా చేశారు, పైగా డారిల్ నెత్తిన ఆ భారం పడింది. అది నాకు నచ్చింది, కథలో కారణం ఉంది.

సీజన్_ఆరు:
అన్నా ఆ కారణం వరకూ ఒప్పుకుంటా. కానీ 2016 ఏప్రిల్‌లో ఎవరు పోయారో చూపించకుండా తెర మీద రక్తం కార్చి ఆపేసి అక్టోబర్ 23 దాకా కూర్చోబెట్టారు చూడండి, దానికి కథలో కారణం ఏముంది? ఆ ఆర్నెల్లూ జనం గ్లెన్ గురించి బాధపడలేదు, ఎవరు పోయారో ఊహించే పోటీ పెట్టుకున్నారు, చావు కాస్తా పొడుపుకథ అయిపోయింది. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌ని అమెరికాలో కోటీ డెబ్బై లక్షల మంది చూశారు, రెండోదానికి కోటీ పాతిక లక్షల దగ్గరికి పడిపోయారు. అందరూ ఒకే కారణానికి మానేశారని అనను, నేను మాత్రం అక్కడే మానేశా, తర్వాత రెండేళ్ళు ముట్టుకోలేదు.

లత_కె:
నాకు ఆ ఎపిసోడ్‌లో క్రూరత్వం కూడా ఎక్కువైపోయింది. గ్లెన్ కన్ను అలా చూపించాల్సిన పని లేదు. మూడో సీజన్లో రిక్ భార్య లోరీ చావు గుర్తు తెచ్చుకోండి, జైలు బాయిలర్ గదిలో పెద్దాయన హెర్షెల్ కూతురు మ్యాగీ కత్తితో కోసి బిడ్డని బయటికి తీస్తుంది, తల్లి మళ్ళీ వాకర్‌గా లేవకుండా కొడుకు కార్ల్ కాల్చాలి, చిన్న పిల్లాడు. ఆ కాల్పు మనకి చూపించలేదు, మ్యాగీ బిడ్డనెత్తుకుని వెళ్తుంటే వెనక చప్పుడొక్కటే వినపడుతుంది. తర్వాత ఆవరణలో రిక్ చూస్తాడు, మ్యాగీ చేతిలో బిడ్డ ఉంది, పక్కన కార్ల్ ఉన్నాడు, లోరీ లేదు, ఎవరూ నోరు విప్పకుండానే అర్థమై అలా కూలిపోతాడు. మా నాన్న పోయినప్పుడు హాస్పిటల్ వరండాలో అక్క నడిచొస్తుంటే తను ఏం చెప్పకముందే నాకు తెలిసిపోయింది, ఆ సీన్ చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది, అందుకే దాన్ని ఆపకుండా చూడలేను.

నిశి_చూపు:
లత గారూ, ఇది రాసినందుకు థ్యాంక్స్ అండి. నేను వెతుకుతున్నది ఇదే అనుకుంటా. చచ్చినవాళ్ళ మీద కాకుండా మిగిలినవాళ్ళ మొహాల మీద కెమెరా ఉన్న సీన్లే రెండోసారి కూడా నిలబడ్డాయి. హెర్షెల్‌ది కూడా అంతే, నాలుగో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్. అందరం కలిసి బతకొచ్చు, మనం మారగలం అని రిక్ అంటుంటే బందీగా మోకాళ్ళ మీదున్న హెర్షెల్ చిన్నగా నవ్వుతాడు, తను నేర్పిందే రిక్ నోట విన్నాడు కదా. ఆ నవ్వు ఉండగానే శత్రువు గవర్నర్, రిక్ వాళ్ళలో ఒకరైన మిషోన్ కత్తిని ఎత్తుతాడు. ఈసారి నేను కత్తిని చూడలేదు, ఆ నవ్వునే చూస్తూ కూర్చున్నా, కంచె అవతల ఇద్దరు కూతుళ్ళున్నారు.

పాతకామిక్స్:
రెండో సీజన్లో పోయిన పెద్దాయన డేల్ చావుని ఎవరూ తలచుకోరు ఎందుకో. కార్ల్ వాగు దగ్గర బురదలో ఇరుక్కున్న వాకర్‌ని రాళ్ళేసి ఆడుకుంటాడు, అది తప్పించుకుంటుంది, ఆ రాత్రి అదే డేల్ పొట్ట చీల్చేస్తుంది. కామిక్‌లో డేల్ ఇంకా చాలాకాలం ఉంటాడు, కాబట్టి చదివినవాళ్ళకీ ఊహకందదు, చూసేవాళ్ళకి మాత్రం లెక్క సరిపోతుంది.
కార్ల్‌ది మాత్రం నేను క్షమించలేకపోయా. 193 సంచికల కామిక్ పెద్దవాడైన కార్ల్‌తో ముగుస్తుంది, అసలు ఆ కథంతా ఆ పిల్లాడు ఎలాంటి మనిషవుతాడు అన్నదాని గురించే, ఎనిమిదో సీజన్లో వాణ్ణి తీసేస్తే ఇక రిక్ ఎవరికోసం పోరాడినట్టు? ఆశ్చర్యం కలిగింది, నిజమే, దాంతో ఏం చేసుకోను.

సీజన్_ఆరు:
కార్ల్ విషయంలో మీతోనే ఉన్నా. రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టి తొమ్మిదో సీజన్ దాకా వచ్చా, పదిహేనో ఎపిసోడ్లో కొయ్యల మీద పది తలలు. అక్కడ సోఫియాని చూసినప్పటి చలి మళ్ళీ వచ్చింది. వేడుక జరుగుతుంటే వాళ్ళని చంపిన శత్రునాయకురాలు ఆల్ఫా వేషం మార్చుకుని జనం మధ్యలో తిరుగుతూనే ఉంటుంది, మనకి కనపడుతూనే ఉంటుంది, అంటే ఇక్కడా ఏదీ దాచలేదు. తర్వాత ప్రాణాలతో బయటపడ్డ సిద్దిక్ అందరి ముందూ నిలబడి వాళ్ళు ఎంత ధైర్యంగా పోరాడారో చెప్తాడు చూడండి, పోయినవాళ్ళని తలలుగా వదిలెయ్యలేదు, మనుషుల్లాగే సాగనంపారు.

లత_కె:
అక్కడ ఇంకోటి గమనించారా? తను పెంచుకున్న హెన్రీ తల కెరోల్ చూడకుండా డారిల్ ఆమెని పట్టుకుంటాడు. కొట్టం ముందు సోఫియా వైపు పరిగెత్తినప్పుడు పట్టుకున్నదీ అతనే.

నిశి_చూపు:
లేదండి, రెండుసార్లు చూసీ కలిపి చూసుకోలేదు! ఇప్పుడే రెండు సీన్లూ వెంటవెంటనే పెట్టి చూశా. కొట్టం దగ్గర వెనకనుంచి నడుం పట్టుకుంటే ఇద్దరూ అలాగే నేలమీద పడిపోతారు, అప్పటికి ఒకరికొకరు ఏమీ కారు. కొయ్యల దగ్గర ఎదురుగా నిలబడి నావైపే చూడు అంటాడు. కెరోల్ రెండుసార్లూ చూసేసింది. ఇప్పుడు ఆ పదో సీజన్ మళ్ళీ మొదలుపెడుతున్నా, వీళ్ళిద్దరి కోసమే.