'దిద్దుబాటు' మీద రాక్ పాట: చరణాలు సారాంశంలా వస్తున్నాయి, ఏం తీసేయాలి?

కొత్తబ్యాండ్:
గురజాడ కథ మీద నాలుగు నిమిషాల పాట. టెంపో నిమిషానికి 120 బీట్లు, 4/4 (ఒక్కో బార్‌కి, అంటే ఆవర్తనానికి, నాలుగు బీట్లు), పదహారేసి బార్ల చరణాలు మూడు. మొదటి దాంట్లో గోపాలరావుకి సానుల పాట మోజు, రెండో దాంట్లో భార్య కమలిని కోసం వెతుకులాట, ఆమె రాసిపెట్టిన ఉత్తరం, మూడో దాంట్లో మంచం కింద దాక్కున్న ఆమె నవ్వు. పాడితే పాఠం అప్పజెప్పినట్టుంది. హక్కుల ఇబ్బంది కూడా ఏమైనా ఉంటుందా?

నాలుగుతీగలు:
ముందు లెక్క చూడండి. 120లో ఒక బార్ 2 సెకన్లు. పంక్తికి రెండు బార్లంటే 16 ఎయిత్ నోట్లు (అర బీటు స్వరాలు), నోటుకో అక్షరం. ఊపిరికి నాలుగు వదిలితే 12 అక్షరాలు, అంటే తెలుగులో మూడు నాలుగు మాటలు. మొత్తం 24 పంక్తులకు వంద మాటలు దాటవు. అందులో కథంతా కుక్కితే మిగిలేది సారాంశమే.

ఇంగ్లిష్ గాయని కేట్ బుష్ 1978లో 'వుదరింగ్ హైట్స్' నవలను పాట చేసినప్పుడు రెండు తరాల కథను పక్కన పెట్టేసింది. చచ్చిపోయిన కేథరిన్ కిటికీ బయట నిలబడి లోపలికి రానిమ్మంటుంది, అంతే. పాడేది కూడా కేథరినే. మీ కథలో ఆ కిటికీ మంచం కింద ఉంది! కమలిని చేత పాడించండి. ఆమెకు వినిపించేవి మాత్రమే రాయండి: అడుగులు, నౌకరు మీద కేకలు, ఉత్తరం చదివే గొంతు. సానుల సంగతి ఉత్తరంలో ఒక్క పంక్తిలో వచ్చేస్తుంది, మీ మొదటి చరణం మొత్తం కొట్టేయొచ్చు.

ఇనుపకన్య:
కథంతా చెప్పడమూ కుదురుతుంది, కాకపోతే నాలుగు నిమిషాల్లో కాదు. హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ 1984లో 'పవర్‌స్లేవ్' ఆల్బమ్ కోసం కోల్‌రిడ్జ్ రాసిన ఏడు భాగాల కవిత 'ది రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్'ను పాట చేస్తే 13 నిమిషాలు దాటింది. మధ్యలో హోరంతా ఆపేసి, ఓడ చెక్కల కిర్రు చప్పుడు మీద, నావికులు ఒక్కొక్కరే కూలిపోయే చరణాన్ని పాడకుండా చదివించారు. మీ ఉత్తరానికి అదే మందు: డ్రమ్స్ తీసేసి 8 బార్లు బేస్ గిటార్ మీద చదవండి. కింద డిస్టార్షన్ (గిటార్ బరబర మోత), క్రాష్ సింబల్ (డ్రమ్స్‌లో పెద్ద కంచు పళ్లెం) ఉంచారో, మాటలు మునిగిపోతాయి.

హక్కులంటారా, మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. గురజాడ పోయింది 1915లో, బెంగ లేదు. బతికున్న రచయితైతే అడగాల్సిందే. 1983లో ఇదే బ్యాండ్ ఒక పాటకు 'డ్యూన్' అనే నవల పేరు పెడతామంటే దాని రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ ఒప్పుకోలేదు, అది 'టు టేమ్ ఎ ల్యాండ్' అయింది.

యతిప్రాస:
అసలు తంటా క్రియలతో. వచ్చాడు, చూశాడు, వెతికాడు... అంత్యప్రాస ఉచితంగా దొరుకుతుంది గానీ ప్రతి పంక్తీ అక్కడే చతికిలబడుతుంది. క్రియను ముందుకు లాగండి: 'వెతికాడు దీపం పట్టి'. లేదా పూర్తిగా తీసేయండి: 'చేతిలో దీపం, ఖాళీ పక్క'. ప్రాస కావాలంటే మన పద్ధతిలో రెండో అక్షరానికి వేయండి, పంక్తి చివర స్వేచ్ఛగా ఉంటుంది.

సాగదీసే నోటు మీద దీర్ఘమే పడాలి. 'పడింది'లో మొదటి అక్షరాన్ని రెండు బీట్లు లాగితే వినేవాడికి 'పాడింది' అవుతుంది. ట్యూన్ ముందు కట్టేసి మాటలు తర్వాత ఇరికిస్తే ఎక్కువగా జరిగేది ఇదే.

కొత్తబ్యాండ్:
చరణాలు కమలినివైతే కోరస్ ఎవరిదండీ?

నాలుగుతీగలు:
గోపాలరావుది. కథ మొదలయ్యేదే 'తలుపు! తలుపు!' అని కదా. బ్యాండంతా కలిసి అరవాలి, ఒక్కో మాటకు ఒక్కో పామ్ మ్యూట్ (అరచేతితో గిటార్ తీగలు అదిమి మీటే) దెబ్బ. చివరి కోరస్‌లో గొంతులు, గిటార్లు తీసేసి ఆ రెండు దెబ్బలూ స్నేర్ డ్రమ్ మీద ఉంచండి. ఒక బార్ నిశ్శబ్దం. తర్వాత గాజుల చప్పుడు.